చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో వాటాదారుల వ్యవహారాలు, అకౌంటింగ్ విధానాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

రొయ్యల గుంటల్లో ఏరేటర్లను సెల్‌ఫోన్ నుంచే ఆపి నడిపించే స్టార్టర్ పెట్టెలు, నీటిలో ఆక్సిజన్‌ను కొలిచే మీటర్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకటి నెల్లూరులో ఉందనుకుందాం. ఇంజనీరింగ్ కాలేజీలో కలిసి చదువుకున్న ఇద్దరు మిత్రులు దాన్ని మొదలుపెట్టారు. ఒకరి బావగారు, ఇంకొకరి మేనమామగారు కొంత సొమ్ము పెట్టారు. మొదటి రెండేళ్ళు అందరూ ఇంట్లో మనుషుల్లాగే ఉంటారు. మూడో ఏడు లాభం కనిపించగానే ‘అసలు లాభం ఎంత’ అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పడం మొదలవుతుంది. నిల్వ సరుకుకు ఏ విలువ కట్టారు, రైతుల దగ్గర రావలసిన బాకీని ఎంతవరకు నమ్మారు, కొత్త బోర్డు తయారీకి పెట్టిన ఖర్చును ఏ పద్దులో వేశారు అన్నదాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది. డివిడెండ్ ఎంత రావాలి, ఒకరు తప్పుకుంటే వారి షేరుకు ఎంత ధర కట్టాలి అన్నవి కూడా ఆ అంకె మీదే నిలబడి ఉంటాయి. అందువల్ల అకౌంటింగ్ విధానాన్ని ఆడిటర్ గారికి వదిలేసి ఊరుకోకూడదనీ, అది వాటాదారులందరూ చదివి, అర్థం చేసుకుని, ముందుగానే ఒప్పుకోవలసిన విషయమనీ నా గట్టి అభిప్రాయం. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఇందులో చెప్పేవి కంపెనీల చట్టం, 2013 కిందికి వచ్చే, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదుకాని చిన్న కంపెనీలకు వర్తిస్తాయి. ఉదాహరణల్లోని అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

మొదటి మెట్టు: ఎవరికి ఎన్ని షేర్లో కాగితం మీద తేల్చుకోవడం

సభ్యుల రిజిస్టరు ఎమ్‌జీటీ-1 నమూనాలో ఉండాలి. షేరు సర్టిఫికెట్లు ఎస్‌హెచ్-1 నమూనాలో, కంపెనీ నమోదైన నాటి నుంచి గానీ, తర్వాత షేర్లు కేటాయించిన నాటి నుంచి గానీ 2 నెలల లోపు ఇవ్వాలి. చాలా కంపెనీల్లో ఈ సర్టిఫికెట్లు అచ్చే వేయించరు. నమోదు చేయించిన కన్సల్టెంటు కంప్యూటర్‌లో ఒక ఫైలుగా మిగిలిపోతాయి. పదేళ్ళ తర్వాత బ్యాంకు రుణం కోసమో, పంపకాల కోసమో అవి అవసరమైనప్పుడు వెతుకులాట మొదలవుతుంది. కాబట్టి ఈ పనిని ఈ నెలలోనే పూర్తి చేయండి.

సొమ్ము ఒకరిది, పేరు ఇంకొకరిది అయిన చోట మరింత జాగ్రత్త కావాలి. మన వైపు భార్య పేరు మీదో, తమ్ముడి పేరు మీదో షేర్లు పెట్టడం మామూలే. ప్రతిఫలం అనుభవించే వ్యక్తి వేరైతే, పేరున్నవారు ఎమ్‌జీటీ-4లో, అసలు హక్కుదారు ఎమ్‌జీటీ-5లో 30 రోజుల్లో కంపెనీకి ప్రకటన ఇవ్వాలి. కంపెనీ దాన్ని మరో 30 రోజుల్లో ఎమ్‌జీటీ-6 ద్వారా కంపెనీల రిజిస్ట్రారుకు తెలపాలి. ఈ ప్రకటన ఇవ్వకపోతే అసలు హక్కుదారు ఆ షేర్ల మీద తన హక్కును అమలు చేయించుకోలేరు.

షేర్లను డీమ్యాట్ (కాగితం లేని ఎలక్ట్రానిక్) రూపంలోకి మార్చాలన్న నిబంధన 2023 అక్టోబరులో ప్రైవేటు కంపెనీలకు కూడా వచ్చింది, గడువును తర్వాత 2025 జూన్ 30 దాకా పొడిగించారు. చట్టం ‘చిన్న కంపెనీ’గా గుర్తించే వాటికి దీని నుంచి మినహాయింపు ఉంది. 2022 సెప్టెంబరు 15న ఆ నిర్వచనం కింద చెల్లించిన మూలధనం 4 కోట్లు, టర్నోవర్ 40 కోట్లు దాటకూడదని పెట్టారు. ఈ పరిమితులను ప్రభుత్వం ఎప్పటికప్పుడు పెంచుతూ వస్తోంది గనుక, ఆ ఏటికి వర్తించే అంకెలను మార్చి 31కి ముందే ఆడిటర్ గారిని అడిగి రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: నియమావళిలో రాయించవలసినవి

షేర్ల బదిలీపై ఆంక్ష ప్రైవేటు కంపెనీకి లక్షణమే. ఆ ఆంక్ష ఎలా ఉండాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. మిత్రులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఒకరు అమ్మదలిస్తే ముందు మరొకరికే అమ్మాలి’ అని రాసుకుని సరిపెట్టుకోవడం తరచు కనిపిస్తుంది. అయితే కంపెనీ నియమావళిలో (ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో) లేని బదిలీ ఆంక్ష కంపెనీని గానీ, వాటాదారులను గానీ కట్టివేయదని రంగరాజ్ - గోపాలకృష్ణన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 2013 చట్టం పబ్లిక్ కంపెనీల షేర్ల విషయంలో వ్యక్తుల మధ్య బదిలీ ఒప్పందాలను కాంట్రాక్టులుగా గుర్తించినా, ఆ మాట నియమావళిలోకి ఎక్కించడమే క్షేమం. నియమావళిని మార్చడానికి ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే పడిన ఓట్లలో అనుకూలం వ్యతిరేకానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. ఆ తీర్మానాన్ని ఎమ్‌జీటీ-14లో 30 రోజుల్లోపు దాఖలు చేయాలి.

మూడు అంశాలు తప్పక చేర్పించండి. షేర్లు ముందుగా ఉన్న సభ్యులకే ఇవ్వజూపాలన్న నియమం, దానికి గడువు మొదటిది. తప్పుకునే సభ్యుడి షేరుకు ధర ఎవరు, ఏ లెక్కల ఆధారంగా కట్టాలన్నది రెండోది. మూడోది ఎవరూ రాయించనిది: ఆ ధర కట్టేటప్పుడు అంతకు ముందు ఏటి ఆడిట్ అయిన లెక్కల్లోని అకౌంటింగ్ విధానాలనే పాటించాలనీ, మధ్యలో మార్చిన విధానం ఆ ఏటి ధరకు వర్తించదనీ ఒక వాక్యం. ఈ వాక్యం లేకపోతే, మెజారిటీ చేతిలో ఉన్నవారు ఒకరు తప్పుకునే ఏడాదిలోనే పాత సరుకు విలువ తగ్గించి, బాకీలకు కేటాయింపులు పెంచి షేరు ధరను పడగొట్టగలరు.

మూడో మెట్టు: సొమ్ము లోపలికి వచ్చే దారులు

బావగారు ఇచ్చిన 5 లక్షలు షేరా, అప్పా అన్నది డబ్బు బ్యాంకులో పడిన రోజే తేలాలి. షేర్ల కోసమైతే, ఉన్న సభ్యులకు వారి వాటాల ప్రకారం ఇవ్వజూపే పద్ధతి ఒకటి, ఎంచుకున్న వ్యక్తులకు ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌గా ఇచ్చే పద్ధతి మరొకటి. రెండో దారిలో సొమ్ము నగదుగా తీసుకోకూడదు. అది విడి బ్యాంకు ఖాతాలో ఉండాలి, రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక కావాలి, సొమ్ము అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో పీఏఎస్-3 (కేటాయింపు వివరాల ఫారం) దాఖలు చేయాలి. 60 రోజుల్లో కేటాయించలేకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. అదీ చేయకపోతే ఏటా 12 శాతం వడ్డీ భారం పడుతుంది, ఆ మొత్తాన్ని చట్టం డిపాజిట్‌గా లెక్కిస్తుంది. ‘షేర్ అప్లికేషన్ సొమ్ము’ అన్న పద్దు మూడు నాలుగేళ్ళుగా కదలకుండా పడి ఉన్న బ్యాలెన్స్ షీట్లు మన రెండు జిల్లాల్లో కూడా ఉన్నాయి. అది చిన్న లోపం కాదు.

అప్పు అయితే, డైరెక్టరు గానీ, డైరెక్టరుకు బంధువు గానీ ఇచ్చిన సొమ్ము డిపాజిట్ కాదు. అయితే అది తాము వేరేచోట అప్పు తెచ్చి ఇస్తున్నది కాదని వారు రాతపూర్వకంగా ప్రకటించాలి. ఎవరెవరు బంధువుల కిందికి వస్తారో చట్టం జాబితా ఇచ్చింది, మేనమామ అందులో లేరు. ఇటువంటి మొత్తాలన్నీ ఏటా జూన్ 30 లోపు డీపీటీ-3 ఫారంలో రిజిస్ట్రారుకు చూపాలి.

నాలుగో మెట్టు: అకౌంటింగ్ విధానాలను రాసి బోర్డులో ఆమోదించడం

కంపెనీల (అకౌంటింగ్ ప్రమాణాలు) నియమాలు, 2021 ప్రకారం టర్నోవర్ 250 కోట్లు, అప్పులు 50 కోట్లు దాటని నమోదుకాని కంపెనీకి, అది బ్యాంకో, బీమా సంస్థో, పెద్ద కంపెనీకి అనుబంధమో కాకపోతే, కొన్ని సడలింపులు ఉన్నాయి. ప్రమాణాల్లోని మూలసూత్రాల నుంచి మాత్రం సడలింపు లేదు. ముఖ్యమైన విధానాలను ఒకేచోట వెల్లడించాలని మొదటి ప్రమాణం, ఏఎస్-1, చెబుతుంది. దానికోసం ఇంకో కంపెనీ నివేదిక నుంచి పేరాలు ఎత్తి అతికించకుండా, మీ షెడ్డులో జరిగే పని ప్రకారం రాయండి.

సరుకు నిల్వతో మొదలుపెట్టండి, ఎలక్ట్రానిక్స్‌లో లాభం దాగేదీ కరిగేదీ ఎక్కువగా అక్కడే. మార్చి 31 సాయంత్రం రీళ్ళు, ట్రేలు, పెట్టెలు లెక్కపెట్టేటప్పుడు నాలుగు చోట్ల సరుకు మరిచిపోతుంటారు: చెన్నైలో బోర్డులు అతికించే జాబ్‌వర్క్ వారి దగ్గరున్నది, సర్వీసు కుర్రవాడి బండిలో విడిభాగాలుగా తిరిగేది, రైతు గుంట దగ్గర ట్రయల్‌కు పెట్టినది, మరమ్మతుకు వచ్చి బల్ల మీద ఉన్నది. మొదటి మూడూ కంపెనీ సరుకే. నాలుగోది రైతుది, అది లెక్కలోకి రాకూడదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో బిల్లు లేకుండా కొన్న రిలేలు, కాంటాక్టర్లు ఉంటే వాటికి ధర చూపడానికి ఆధారమే ఉండదు. కాబట్టి బిల్లు లేని కొనుగోలు చేయకూడదన్నది కూడా విధానంలోనే రాయాలి.

విలువ కట్టడానికి ఏఎస్-2 చెప్పే సూత్రం, ఖర్చు, నికర అమ్మకపు విలువ (అమ్మితే వచ్చే ధరలోంచి పూర్తిచేసే, అమ్మే ఖర్చులు తీసివేసినది) ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. ఖర్చులో కొనుగోలు ధర, దిగుమతి సుంకం, రవాణా, సోల్డరింగు, టెస్టింగు కూలి కలుస్తాయి. తిరిగి వచ్చే జీఎస్టీ, అమ్మకపు ఖర్చులు, మామూలుకు మించిన వృథా కలవవు. ఖర్చును ‘ముందు వచ్చింది ముందు పోయింది’ పద్ధతిలోనో, సగటు పద్ధతిలోనో కట్టవచ్చు. విడిభాగాల ధరలు నెల నెలా మారే చోట సగటు పద్ధతే నిలకడగా ఉంటుందని నా ఉద్దేశం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పాత 2జీ మాడ్యూళ్ళు ఒక్కొక్కటి 350 రూపాయల చొప్పున 600 కొన్నారు, ఖర్చు 2,10,000. ఇంతలో రైతులు 4జీ పెట్టెలే అడుగుతున్నారు. పాత మాడ్యూలును విడిగా అమ్మితే 120 రూపాయలే వస్తుంది. వెంటనే 1,38,000 నష్టం రాయాలా? ఇక్కడ ప్రమాణంలో ఒక సూక్ష్మం ఉంది. తయారీ కోసం ఉంచిన విడిభాగాల విలువను, వాటితో తయారయ్యే వస్తువు ఖర్చుకో, అంతకు పైనో అమ్ముడుపోతుందనుకుంటే, తగ్గించనక్కరలేదు. 2జీ పెట్టెకు ఇంకా ఆర్డర్లు చేతిలో ఉంటే, ఆ ఆర్డర్లకు సరిపడా మాడ్యూళ్ళను పాత ధరకే ఉంచవచ్చు. మిగిలినవాటిని 120కి దించాలి. కాబట్టి ఆర్డరు పుస్తకం చూడకుండా తీసుకున్న నిర్ణయం ఎటువైపైనా తప్పే అవుతుంది. ఏడాదికి పైగా కదలని విడిభాగాల జాబితా తయారుచేసి, ఒక్కొక్కదాని ఎదురుగా కారణం రాసి, దాన్ని బోర్డు మినిట్స్‌కు జతచేయండి. డబ్బు పెట్టి షెడ్డుకు రాని వాటాదారుకు నమ్మకం కలిగించే కాగితం ఇదే.

ఆదాయ గుర్తింపు రెండోది. అమ్మకం ఏ రోజు జరిగినట్టు? ఏఎస్-9 ప్రకారం వస్తువు యాజమాన్యంలోని లాభనష్టాల భారం కొనుగోలుదారుకు మారిన రోజు. పెట్టె ఇచ్చి, సాదాసీదాగా వైరు తగిలిస్తే సరిపోయే చోట డెలివరీ రోజే అమ్మకం. సెన్సర్లు బిగించి, సరిచూసి, రైతు ఒప్పుకుంటేనే పూర్తయ్యే పనిలో ఆ ఒప్పుకోలు రోజు అమ్మకం. ‘వాడి చూడండి, నచ్చితేనే డబ్బివ్వండి’ అని ఇండుకూరుపేటలోనో, కొత్తపట్నంలోనో గుంట గట్టు మీద పెట్టి వచ్చిన పెట్టె, రైతు అంగీకరించేదాకా లేదా ఒప్పుకున్న గడువు తీరేదాకా, నిల్వ సరుకే. మార్చి చివర టర్నోవర్ పెంచి చూపడానికి ట్రయల్ పెట్టెలకు ఇన్వాయిస్ రాయడం, ఏప్రిల్‌లో క్రెడిట్ నోటు ఇవ్వడం కొత్త వాటాదారును తప్పుదారి పట్టించడమే. జీఎస్టీ కట్టవలసిన తేదీకి వేరే సూత్రాలున్నాయి, దాన్ని చూసి పుస్తకాల్లోని ఆదాయాన్ని నిర్ణయించకండి.

సిమ్, యాప్ సేవకు ఏడాది చందా జనవరి 1న 2,400 వసూలైతే, మార్చి 31 నాటికి 600 మాత్రమే ఆదాయం. మిగతా 1,800 ముందుగా అందిన ఆదాయంగా అప్పుల వైపు నిలవాలి.

పట్టుబడి (గుంటలో పెరిగిన రొయ్యలను పట్టడం) అయ్యాక ఇస్తామన్న బాకీలు మన ప్రాంతానికి ప్రత్యేకం. రైతు మాట మీద పెట్టె ఇస్తాం, మూడు నాలుగు నెలల్లో రొయ్య కౌంటుకు (అమ్మే సైజుకు) వస్తే డబ్బు వస్తుంది, వైట్ స్పాట్ రోగం తగిలితే ఆగిపోతుంది. అమ్మిననాడు వసూలవుతుందన్న నమ్మకం ఉంటే అమ్మకం రాయడం సరైనదే. తర్వాత అనుమానం వస్తే ఆ అమ్మకాన్ని వెనక్కి తీయకూడదు, రాని బాకీకి విడిగా కేటాయింపు చేయాలి. ఎంత కేటాయించాలన్నది బాకీ వయసును బట్టి ముందే ఒక నియమంగా రాసుకోండి. రెండు పంటలు గడిచినా రాని బాకీలో సగం, మూడు పంటలు గడిస్తే మొత్తం, అన్నట్టుగా. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం బాకీలను వయసువారీగా బ్యాలెన్స్ షీటులో చూపడం 2021 ఏప్రిల్ 1తో మొదలైన సంవత్సరం నుంచి తప్పనిసరి. ఆ పట్టిక వాటాదారులందరికీ కనిపిస్తుంది.

వారంటీకి కేటాయింపు ఏఎస్-29 కిందిది. ఉప్పు గాలికి రిలే కాళ్ళు తుప్పుపట్టడం, తడికి బోర్డు పాడవడం తీరం వెంబడి పనిచేసే వారందరికీ తెలుసు. వారంటీ గడువు మిగిలి ఉన్న పెట్టెలు 500, గత అనుభవం ప్రకారం నూటికి 6 వెనక్కి వస్తాయి, ఒక్కొక్కదానికి సగటు మరమ్మతు ఖర్చు 900 అనుకుంటే 27,000 ఈ ఏడాదే ఖర్చుగా రాయాలి. దీనికి సర్వీసు రిజిస్టరు కావాలి. పెట్టె నంబరు, అమ్మిన తేదీ, వచ్చిన తేదీ, లోపం, మార్చిన భాగం, ఈ అయిదు గడులుంటే చాలు.

కొత్త ఉత్పత్తి అభివృద్ధి ఖర్చు దగ్గర వ్యవస్థాపకులకూ పెట్టుబడిదారులకూ అభిప్రాయభేదం సహజం. ఏఎస్-26 పరిశోధన దశ ఖర్చును ఆ ఏడాదే రాసేయమంటుంది. అభివృద్ధి దశ ఖర్చును ఆస్తిగా చూపాలంటే సాంకేతికంగా పూర్తిచేయగలగడం, పూర్తిచేసి అమ్మే ఉద్దేశం, అమ్మగల శక్తి, లాభం వచ్చే దారి, సరిపడా వనరులు, ఖర్చును నమ్మకంగా కొలవగలగడం, ఈ ఆరూ నిరూపించాలి. 12 లక్షల ఖర్చును ఆస్తిగా వేసి 4 ఏళ్ళలో రాసేస్తే ఏటికి 3 లక్షలు పడుతుంది, ఒకేసారి రాసేస్తే ఈ ఏటి లాభం అంతా పోవచ్చు. చిన్న కంపెనీ ప్రోటోటైపు గుంటలో ఒక పంటకాలం పనిచేసి, కనీసం కొన్ని ఆర్డర్లు వచ్చేదాకా ఖర్చుగానే రాయడం మేలని నా సలహా. ఒకసారి ఖర్చుగా రాసినదాన్ని తర్వాత ఆస్తిగా మార్చడానికి వీల్లేదు కాబట్టి, ఏ తేదీన అభివృద్ధి దశ మొదలైందో బోర్డు తీర్మానంలో ఉండాలి.

మిగిలినవి త్వరగా తేలతాయి. తరుగుదలకు షెడ్యూల్ 2 ప్రకారం ల్యాప్‌టాప్‌లకు 3 ఏళ్ళు, సర్వర్లకు 6, ఆఫీసు పరికరాలకు 5, ఫర్నిచరుకు 10, సాధారణ యంత్రాలకు 15 ఏళ్ళ ఆయుష్షు. డాలర్లలో కట్టవలసిన బకాయిని మార్చి 31 నాటి మారకపు రేటుకు మార్చి, తేడాను లాభనష్టాల్లో వేయాలి. ప్రభుత్వ సబ్సిడీ వస్తుందని సహేతుకమైన నమ్మకం లేకుండా, దరఖాస్తు పెట్టినంత మాత్రాన పుస్తకాల్లోకి ఎక్కించకూడదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదుచేసే ఆడిట్ ట్రెయిల్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, దాన్ని ఆపడానికి వీలుండకూడదు.

విధానం మార్చాలంటే చట్టమో, ప్రమాణమో కోరాలి, లేదా మార్పు వల్ల లెక్కలు మరింత సరిగా కనిపించాలి. మార్పు వల్ల లాభం ఎంత పెరిగిందో, తగ్గిందో నోట్సులో చెప్పాలి.

అయిదో మెట్టు: డైరెక్టర్ల సొంత పద్దులు

కంపెనీ ఖాతా నుంచి ఇంటి ఖర్చుకు చేబదులుగా తీసుకోవడం చాలా చోట్ల అలవాటు. డైరెక్టర్లకు అప్పులివ్వడంపై కంపెనీల చట్టం 185వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది, ప్రైవేటు కంపెనీలకున్న మినహాయింపుకు షరతులున్నాయి. ఆపైన, 10 శాతం లేదా అంతకు మించి ఓటు హక్కున్న వాటాదారుకు కంపెనీ ఇచ్చిన అప్పును, కూడిన లాభాల మేరకు, ఆదాయపు పన్ను చట్టం డివిడెండ్‌గా పరిగణించి పన్ను వేస్తుంది. షెడ్డు డైరెక్టరు గారి నాన్నగారిదైతే దాని అద్దె, మరదలి దుకాణం నుంచి కొన్న సరుకు వంటివన్నీ సంబంధిత వ్యక్తుల లావాదేవీలేమో ఆడిటర్ గారితో సరిచూసి, అయినవాటిని ఏఎస్-18 కింద వెల్లడించాలి. సక్రమమైన లావాదేవీ కూడా దాచిపెడితే అనుమానానికి మూలమవుతుంది.

ఆరో మెట్టు: ఏడాది క్యాలెండరు

వార్షిక సర్వసభ్య సమావేశం సెప్టెంబరు 30 లోపు, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపు మొదలయ్యేలా, జాతీయ సెలవు కాని రోజున, రిజిస్టర్డ్ ఆఫీసులో గానీ, అదే ఊళ్ళో గానీ జరగాలి. సభ్యులంతా ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే దేశంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, హైదరాబాదులోనో, బెంగళూరులోనో స్థిరపడిన వాటాదారులకు ఇది ఉపయోగం. నోటీసు, లెక్కల ప్రతి 21 రోజుల ముందు అందాలి. ఇద్దరు సభ్యులు స్వయంగా హాజరైతే కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) ఉన్నట్టే. లెక్కలను దాఖలు చేసే ఏఓసీ-4 సమావేశం తర్వాత 30 రోజుల్లో, చిన్న కంపెనీ అయితే వార్షిక రిటర్న్ ఎమ్‌జీటీ-7ఎ 60 రోజుల్లో, ఆడిటర్‌ను నియమించిన ఏడాది ఆ నియామకాన్ని తెలిపే ఏడీటీ-1 15 రోజుల్లో దాఖలు చేయాలి. మొదటి రెండింటికీ ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనం. చిన్న కంపెనీకి క్యాలెండర్ సంవత్సరం ఒక్కో అర్ధభాగంలో ఒక బోర్డు సమావేశం చాలు, రెండింటి మధ్య కనీసం 90 రోజుల ఎడం ఉండాలి.

సంతకాల కోసం ఇంటింటికీ పుస్తకం తిప్పే సమావేశాన్ని నేను సమావేశమనను. నిల్వ సరుకు జాబితా, బాకీల పట్టిక, వారంటీ రిజిస్టరు బల్ల మీద పెట్టి ఒక గంట కూర్చోండి. పదో వంతు మూలధనం ఉన్న సభ్యులు ప్రత్యేక సమావేశం కోరవచ్చు. అన్యాయం జరిగిందనుకుంటే అదే పదో వంతుతో కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఆ దాకా వెళ్ళిన తగాదాలో కంపెనీ పని ఏళ్ళ తరబడి కుంటుపడుతుంది.

ఏడో మెట్టు: డివిడెండ్, బదిలీ, వారసత్వం

డివిడెండ్ తరుగుదల తీసివేశాక మిగిలిన లాభం నుంచే. ప్రకటించిన 5 రోజుల్లో ఆ మొత్తం విడి బ్యాంకు ఖాతాలో వేయాలి, 30 రోజుల్లో చెల్లించాలి. పట్టుబడి బాకీలు లాభంలో ఉంటాయే తప్ప బ్యాంకులో ఉండవు కాబట్టి, లాభం చూసి కాక నగదు చూసి సిఫారసు చేయండి. దేశంలో నివసించే వ్యక్తికి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం పన్ను మినహాయించాలి.

బదిలీకి ఎస్‌హెచ్-4 పత్రం, ప్రతిఫలంపై 0.015 శాతం స్టాంపు డ్యూటీ, సంతకమైన 60 రోజుల్లో కంపెనీకి అందజేత అవసరం. కంపెనీ ఒక నెలలో సర్టిఫికెట్ ఇవ్వాలి. నిరాకరిస్తే 30 రోజుల్లో కారణంతో తెలపాలి. బంధువు కాని మిత్రుడికి సరసమైన విలువకన్నా తక్కువకు ఇస్తే, తేడా 50,000 దాటితే అది కొన్నవారి చేతిలో పన్నుకు గురవుతుంది. ఆ విలువను ప్రధానంగా పుస్తక విలువల నుంచే కడతారు గనుక, నాలుగో మెట్టులో తీసుకున్న ప్రతి నిర్ణయం ఇక్కడ పన్నులోనూ కనిపిస్తుంది.

చివరిగా, ప్రతి వాటాదారు చేత ఎస్‌హెచ్-13లో నామినేషన్ రాయించండి. అది లేనప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వారసుల అంగీకారాలు, అవసరమైతే కోర్టు నుంచి వారసత్వ పత్రం తెచ్చుకునేదాకా షేర్లు పాత పేరు మీదే ఉండిపోతాయి. ఆ వ్యవధిలో మరణించిన సభ్యుడి షేర్ల ఓటు వేయడానికి ఎవరూ ఉండరు, ఇద్దరే సభ్యులున్న కంపెనీలో కోరం కూడా కుదరదు.